ఇర్మె అవ్వ ఫోటో

కెమెరా కొన్న కొత్తలో ఉమామహేశ్ కూరగాయలకు వెళ్ళినా దాన్ని వెంట తీసుకెళ్ళేవాడు. ఒక చేతిలో వంకాయల సంచీ, ఇంకో భుజాన కెమెరా సంచీ. భార్య అపర్ణ గుమ్మంలో నిలబడి చూసి నవ్వేది.

"చంటిపిల్లను ఎత్తుకున్నట్టే ఉన్నది నీ సంబురం. మన పిల్లలను ఎన్నడన్న ఇంత ముద్దుగ ఎత్తుకున్నవా?"

"పిల్లలు ఏడుస్తరు. ఇది ఏడ్వదు," అనేవాడతను.

భోపాల్‌పట్నం బస్టాండు ఎదురుగా, పంక్చర్ల దుకాణానికీ మందుల షాపుకీ మధ్య అతని స్టూడియో. తల్లి పేరు మీద వరలక్ష్మి ఫోటో స్టూడియో అని బోర్డు. తండ్రి శ్రీరంగం కిరాణా కొట్టు నడుపుతూ, ఇప్పపువ్వూ చింతపండూ కొని పై ఊళ్ళకు పంపించే వ్యాపారి. అన్నలిద్దరూ ఆ కాటా దగ్గరే కూర్చున్నారు. ఉమామహేశ్‌కు మాత్రం తూకాల బేరం చిన్నప్పటి నుంచీ పడలేదు. మనుషుల ముఖాలు చూస్తూ కూర్చోవడం ఇష్టం. ఆ ఇష్టమే చివరికి పొట్టకూడైంది. బ్యాంకు ఖాతాకు, రేషన్ కార్డుకు, స్కూలు ఫారాలకు పాస్‌పోర్టు సైజు ఫోటోలు తీసేవాడు. వెనక నీలం పరదా, ముందు ఒక స్టూలు, పక్కన గోడకు చిన్న అద్దం, దారానికి కట్టిన దువ్వెన. ఎండాకాలం వస్తే పెళ్ళిళ్ళు.

ఇన్నేళ్ళూ ఒక్క పాత కెమెరాతోనే నెట్టుకొచ్చాడు. బటను నొక్కితే దాని లోపలి అద్దం టపామని కొట్టుకునేది. పట్టు దగ్గర రబ్బరు ఊడిపోతే సైకిలు ట్యూబు కోసి అతికించాడు. అందులో తీసిన ఫోటోల్లో ముందువాళ్ళూ వెనకవాళ్ళూ, గోడ మీది క్యాలెండరూ, దండెం మీది లుంగీ, పెళ్ళికూతురి కాళ్ళ దగ్గర పడుకున్న కుక్కా, అన్నీ ఒకే తీరుగా పడేవి. ఊళ్ళో ఎవరూ దాన్ని తప్పు పట్టలేదు. పైగా ఆల్బం తిరగేస్తూ "అగో మా చిన్నమ్మ, అగో మా మేక" అని గుర్తుపట్టి మురిసిపోయేవారు.

తప్పని అనిపించింది మొదట ఉమామహేశ్‌కే. ఒకసారి వ్యాపారుల ఇంటి పెళ్ళికి నది అవతల తెలంగాణ నుంచి ఒక ఫోటోగ్రాఫరు వచ్చాడు. అతను తీసిన పెళ్ళికూతురి బొమ్మలో పిల్ల ఒక్కతే ఉంది. వెనక ఉండాల్సిన షామియానా, బిందెలు, చుట్టాలు, అంతా వెన్న కరిగినట్టు కరిగిపోయి రంగులుగా మిగిలింది. ఆ బొమ్మ అందరి ఫోన్లలోకీ పాకింది. ఆ తర్వాత స్టూడియోకి వచ్చిన ప్రతి ఇంటివాళ్ళదీ ఒకటే మాట. "ఎనక అంతా కరిగిపోవాలె భయ్యా. లుంగీలు కనబడొద్దు."

చాలాకాలం ఆశపడి, అపర్ణను ఒప్పించి, ఒకరోజు పొద్దున్నే బస్సెక్కి జగదల్‌పూర్ వెళ్ళి కొనుక్కొచ్చాడు. ఫుల్ ఫ్రేమ్ మిర్రర్‌లెస్ కెమెరాల్లో అన్నిటికన్నా చౌకైనది. దుకాణంవాడే ఆ మాట మొహమాటం లేకుండా చెప్పాడు. ఫుల్ ఫ్రేమ్ అంటే లోపల బొమ్మ పడే పలక పెద్దది. పలక పెద్దదైతే వెలుతురు ఎక్కువ తాగుతుంది, దీపపు వెలుగులో కూడా ముఖం తేటగా వస్తుంది, ఫోకస్ పెట్టిన చోటు తప్ప మిగిలిందంతా మసకలోకి జారుకుంటుంది. మిర్రర్‌లెస్ అంటే ఆ టపటప కొట్టుకునే అద్దం లేదు. చప్పుడు లేకుండా తీసుకుంటూ పోవచ్చు.

దాని గుణదోషాలు అతనికి వారం లోపే తెలిసిపోయాయి. తేలిక. పొద్దంతా మెడలో వేసుకున్నా వీపు నొప్పి రాదు. కానీ పట్టు చిన్నది, చిటికెన వేలు కింద గాలిలో వేలాడుతుంది. బ్యాటరీ తొందరగా తాగేస్తుంది, పెళ్ళికి వెళ్తే జేబులో ఇంకోటి ఉండాల్సిందే. మెమరీ కార్డుకు ఒకటే అర, అది చెడితే దేవుడే దిక్కు. కంటి దగ్గర పెట్టుకుని చూసే కిటికీలో లోకం చిన్న టీవీలా కనిపిస్తుంది, ఎండలో అది కాస్త వెలిసిపోతుంది. ఇవన్నీ ఒక ఎత్తు, ఆ కంటి ఫోకస్ ఒక్కటీ ఒక ఎత్తు. మనిషి ముఖం ఎదురుగా రాగానే ఒక చిన్న పసుపుపచ్చ గడి వెళ్ళి ఆ మనిషి కంటి మీద వాలుతుంది. తల తిప్పినా, నడిచినా, నవ్వినా, ఆ గడి కన్ను వదలదు. ఎక్కువ వెలుతురు లోపలికి రానిచ్చే లెన్సు ఒకటి దానికి జతగా తెచ్చుకున్నాడు. దాని నోరు పూర్తిగా తెరిచి పెట్టి తీస్తే కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టవచ్చు, చెవి పోగు అప్పటికే మసక.

సంగతి చుట్టుపక్కల స్టూడియోలవాళ్ళకు తెలిసింది. బీజాపూర్ నుంచీ కొంట నుంచీ ఫోన్లు. "మహేశన్నా, ఎట్లున్నది కొత్తది? కొనమంటవా?" ఉమామహేశ్ కుర్చీలో వెనక్కి వాలి తీరికగా చెప్పేవాడు. బ్యాటరీ సంగతి దాచేవాడు కాదు, కార్డు సంగతీ దాచేవాడు కాదు. చివరికి మాత్రం గొంతు మారేది. "గరీబోళ్ళకు దేవుడిచ్చిన కెమెరా అనుకో. మనకు ఎవలు కావాలెనో వాళ్ళనే చూపిస్తది. కడమ లొల్లి ఏదీ కనబడనియ్యదు."

ఆ ఎండాకాలమే ముయా కూతురి పెళ్ళి వచ్చింది.

ముయా దోర్ల తెగ రైతు. చింతవాగు అవతల ఇప్పగూడలో ఇల్లు. అతని తల్లి ఇర్మె శ్రీరంగం కొట్టుకు చింతపండు తెచ్చేది. కొట్టులో పని లేక దిక్కులు చూస్తూ కూర్చున్న ఉమామహేశ్‌కు కొంగున కట్టుకొచ్చిన తునికి పండ్లు ఇచ్చేది. పెద్దయ్యాక ఒకసారి ఆ వైపు బడిపిల్లల ఫోటోల పని మీద వెళ్ళి, వాగు పొంగితే ఉమామహేశ్ వాళ్ళింట్లోనే చిక్కుపడిపోయాడు. నీళ్ళు తీసేదాకా ఇర్మె అతనికి తన మంచం ఇచ్చి తాను అరుగు మీద పడుకుంది. జావ పోసి, ఎండుచేపలు కాల్చి పెట్టి, "సేటు కొడుకువు, ఇది నీకు దిగుతదా?" అని ఎగతాళి చేసింది. దిగింది. అప్పటి నుంచి ఏ సంతకు వచ్చినా ఆమె స్టూడియో గుమ్మంలో కాసేపు కూర్చోకుండా వెళ్ళేది కాదు. ఫోటో తీయమని మాత్రం ఎప్పుడూ అడగలేదు. తీయాలని అతనికీ తోచలేదు. రోజూ కనిపించే మనిషికి ఫోటో ఏమిటి?

ముయా భార్య చిన్న వయసులోనే పోయింది. కూతురు పొజ్జేని ఇర్మెనే పెంచింది. అందుకే ముయా వచ్చి, "అన్నా, పొజ్జే పెండ్లి. నువ్వే రావాలె, నీ కొత్త డబ్బా పట్టుకోని రావాలె. అవ్వ చెప్పి పంపింది" అన్నప్పుడు ఉమామహేశ్ ఆ రోజుకు ఉన్న ఇంకో పెళ్ళి పని వేరేవాళ్ళకు ఒప్పజెప్పాడు.

పొద్దున్నే బండి మీద బయలుదేరాడు. దారిలో భద్రతా దళాల క్యాంపు దగ్గర జవాను ఆపి సంచీ విప్పించాడు. కెమెరా చేతిలోకి తీసుకుని, కంటికి ఆనించుకుని, రోడ్డు మీద పోయే ఆవును చూశాడు. బీహారు మనిషి. మా తమ్ముడి పెళ్ళికి కొనాలనుకుంటున్నాను, బ్యాటరీ ఎంతసేపు వస్తుంది అని హిందీలో అడిగాడు. ఉమామహేశ్ ఆగి అన్నీ చెప్పాడు. అంత మంచి రోజు అది.

ఇప్పగూడలో ముయా ఇంటి ముందు నేరేడు కొమ్మలతో పచ్చని పందిరి. డోళ్ళు మోగుతున్నాయి. ఇర్మె అప్పటికే ఊరంతా తానై తిరుగుతోంది. కొత్త పసుపుపచ్చ చీర, నెరిసిన జుట్టు ముడి, నుదుటి మీద చిన్నప్పుడు పొడిపించుకున్న పచ్చబొట్టు గీతలు మూడు. ముందు పన్ను ఒకటి లేదు. డోళ్ళవాళ్ళను తిడుతుంది, వెంటనే పాట ఎత్తుకుంటుంది, ఆడవాళ్ళు అందుకోగానే వాళ్ళకు వదిలి పసుపు గిన్నె కోసం లోపలికి పరుగెడుతుంది. ఉమామహేశ్‌ను చూసి వచ్చి కెమెరా లెన్సులోకి తొంగిచూసింది.

"ఇది ఏంది, పెద్దకన్ను డబ్బా. దీంట్ల ఏం కనబడతది?"

"పొజ్జే కనబడతది అవ్వా. సినిమాల హీరోయిన్ లెక్క."

"అయితే మంచిగ తియ్యి. తల్లి లేని పిల్ల."

అతను తీయడం మొదలుపెట్టాడు. పందిరి కింద వెలుతురు ఆకుల సందుల్లోంచి చిల్లర పోసినట్టు పడుతోంది. పాత కెమెరా అయితే తికమకపడేది. ఇది పడలేదు. పసుపుపచ్చ గడి వెళ్ళి పొజ్జే కంటి మీద వాలింది, వాలి అక్కడే ఉంది. తెర మీద చూసుకున్న ప్రతిసారీ అతను మురిసిపోయాడు. ఒక్కటే చిరాకు. ఇర్మె మాటిమాటికీ అడ్డం వస్తోంది. పిల్ల కొంగు సర్దుతుంది, చెమట తుడుస్తుంది, చెవిలో ఏదో చెబుతుంది.

"అవ్వా, జర పక్కకు జరుగు. అడ్డమొస్తున్నవ్."

ఆమె జరిగింది. కాసేపటికి మళ్ళీ వచ్చింది.

"అవ్వా."

"అయ్యో, మర్చిపోయిన బిడ్డా. ఎటు నిలబడాలె చెప్పు. ఈడ ఉంటే మంచిదేనా?" అని పొజ్జే వెనక రెండడుగుల దూరంలో, పందిరి గుంజ పక్కకు వెళ్ళి నిలబడింది.

"ఆఁ, ఎనక ఉంటే ఏం కాదు," అన్నాడు ఉమామహేశ్. వెనక ఉన్నవాళ్ళు ఎలాగూ మసకలో కలిసిపోతారు.

కుర్రవాళ్ళు ఫోన్లు ఎత్తి ముందుకు తోసుకొస్తుంటే వాళ్ళనూ ఆపాడు. "ఫోన్లు జేబుల పెట్టుకోండ్రి తమ్మీ. ఫోటోలల్ల అందరి చేతులూ వస్తున్నయ్. అన్నీ నేను తీస్తున్న గదా, తర్వాత అందరికీ పంపిస్త." వాళ్ళు మంచిపిల్లలు. పెట్టుకున్నారు.

మధ్యాహ్నం దాటాక ఇంటివాళ్ళందరినీ వరసగా నిలబెట్టి ఒకటి తీద్దామన్నాడు. ఇర్మె వంట కుండల దగ్గర ఉంది. ముయా కేకేశాడు. వస్తున్నా అంది. పడమట ఆకాశం నల్లబడింది, రెండో బ్యాటరీ కూడా ఎర్రగీత చూపిస్తోంది. "ఉన్నోళ్ళను తీస్త, అవ్వ వచ్చినంక ఇంకోటి తీద్దం" అన్నాడు. తీశాడు. ఇంతలో ఈదురుగాలి లేచి పందిరి ఆకులు ఊడిపోయి కళ్ళల్లో దుమ్ము కొట్టింది. పెళ్ళివారు వాన రాకముందే వాగు దాటాలని పొజ్జేని ట్రాక్టరు ఎక్కించారు. ఇర్మె ట్రాక్టరు వెంట వాగుదాకా నడిచి వెళ్ళింది. ఉమామహేశ్ కెమెరాను తువ్వాలలో చుట్టి సంచీలో పెట్టేశాడు.

ఆ పెళ్ళి ఫోటోలు అతనికి ఎక్కడలేని పేరు తెచ్చాయి. జగదల్‌పూర్‌లో ఆల్బం వేసే ల్యాబు ప్రకాష్ స్వయంగా ఫోన్ చేశాడు. "ఏం తీసినవ్ భాయ్, ఇక్కడోళ్ళు ఎవలూ ఇట్ల తీయలే" అన్నాడు. పొజ్జే ముఖాన పసుపు, రెప్పల మీద చిన్న నీటిబొట్టు, వెనక పచ్చా పసుపూ కలగలిసిన మబ్బు. ఆ బొమ్మను ఉమామహేశ్ పెద్దది చేయించి స్టూడియో గుమ్మంలో పెట్టాడు.

వానలు పడ్డాయి. వాగు నిండింది. ఇప్పగూడ వైపు నుంచి రాకపోకలు తగ్గాయి. ఇర్మె సంతకు రాకపోతే వానల వల్లే అనుకున్నాడు.

వానలు వెనకపట్టాక ఒకరోజు ముయా వచ్చాడు. గుమ్మంలో చెప్పులు విడిచి, కూతురి ఫోటో వంక కాసేపు చూసి, లోపలికి వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.

"అవ్వ పోయింది అన్నా."

ఉమామహేశ్ చేతిలో లామినేషన్ కాగితం అలాగే ఉండిపోయింది. జ్వరం వచ్చిందట. మంచం మీద మోసుకుంటూ వాగు దాటించి రోడ్డుకు తెచ్చారు, అంబులెన్సు వచ్చింది, బీజాపూర్ ఆసుపత్రి ఇంకా చేరలేదు, దారిలోనే పోయింది. కబురు పెట్టే దారి లేకపోయిందన్నాడు ముయా, తానే తప్పు చేసినట్టు.

కాసేపయ్యాక వచ్చిన పని చెప్పాడు. వాళ్ళలో పోయినవారికి రాయి నిలబెడతారు. ఈమధ్య సిమెంటు దిమ్మె కట్టి, దాని మీద పోయినవాళ్ళ బొమ్మ రంగులతో వేయిస్తున్నారు. ఆవపల్లి దిక్కు నుంచి బొమ్మలేసే మనిషి వస్తాడు. చూసి వేయడానికి ముఖం బాగా కనబడే ఫోటో ఒకటి కావాలన్నాడట. ఆధార్ కార్డు చూపిస్తే, ఇందులో చీకటి తప్ప ముఖం ఏదీ అన్నాడు.

"పిల్లల ఫోన్లల్ల చూసినం. పెండ్లిల ఎవలూ తీయలేదంట. డాన్సు వీడియో ఒకటున్నది, దాంట్ల అవ్వ పాట వినబడతది, మనిషి కనబడదు. నీ దగ్గర మస్తుగుంటయ్ గదన్నా. పొద్దంత తీసినవ్."

"ఉంటయ్," అన్నాడు ఉమామహేశ్. "ఎందుకుండయ్, చూద్దం పా."

కంప్యూటరు ముందు ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. ఒక్కొక్కటే తిప్పుతూ పోయాడు. పొజ్జే, పొజ్జే, పొజ్జే చేతులు, పెళ్ళికొడుకు చెవి, డోలు మీద వేళ్ళు. మొదట్లో ముయా కూతుర్ని చూసి నవ్వుముఖంతో ఉన్నాడు. కొంతసేపటికి తెర దగ్గరగా వంగాడు.

"ఆగన్నా. గిది అవ్వనే."

వేలు పెట్టి చూపించిన చోట పసుపుపచ్చ మరక ఉంది. మరక మీద నల్లని గుండ్రం, గుండ్రం మీద తెల్లని మచ్చ. అది జుట్టు ముడి కావచ్చు.

"గిది సుత."

మళ్ళీ అదే మరక, పందిరి గుంజ పక్కన. ఆ తర్వాత వరసగా వచ్చిన బొమ్మల్లో ఆ మరక అదే చోట ఉంది. ఉమామహేశ్ ఒకదాన్ని పెద్దది చేశాడు. మరక పెద్దదైంది. ముఖం కెమెరావైపు తిరిగి ఉందని తెలుస్తోంది. ముఖంలో ముఖం లేదు. కళ్ళుండాల్సిన చోట రెండు నీడలు. నోటి దగ్గర కాస్త తెలుపు. నవ్వుతోందో, ఎండకు పళ్ళు బిగించిందో చెప్పలేం. ముందు పొజ్జే రెప్పవెంట్రుకలు మాత్రం ఒక్కొక్కటీ విడివిడిగా కనిపిస్తున్నాయి.

ఇంటివాళ్ళ వరస ఫోటో వచ్చింది. అందులో అందరూ ఉన్నారు. ఆమె లేదు.

ఒక్క ఫోటోలో మాత్రం ఇర్మె తేటగా పడింది. పొజ్జే చెంపకు పసుపు రాస్తున్న చెయ్యి. పిల్ల ముఖానికి ఆనుకుని ఉంది కాబట్టి ఫోకస్ దానికీ అందింది. వేళ్ళ కణుపుల మీద పచ్చబొట్టు చుక్కలు, గోళ్ళల్లో పసుపు, బొటనవేలి మీద పాత కొడవలి గాటు. మణికట్టు దగ్గరికి వచ్చేసరికి మెత్తబడి, మోచెయ్యి దాకా వచ్చేసరికి కరిగిపోయింది.

ముయా ఆ చెయ్యిని చాలాసేపు చూశాడు.

"నేను జగదల్‌పూర్ పంపిస్త ముయా. ఇప్పుడు కంప్యూటర్లల్ల కొత్త విద్య వచ్చింది. మసకది తేట చేస్తరు. నువ్వు వచ్చే సంతకు రా."

ఆ సాయంత్రమే ఉన్నవాటిలో కాస్త మెరుగైన మరకను ప్రకాష్‌కు పంపాడు. ప్రకాష్ ఏఐ పెట్టి రెండో రోజుకే తిప్పి పంపాడు. ఫోన్‌లో దాన్ని తెరిచి ఉమామహేశ్ ఉలిక్కిపడ్డాడు. పసుపుపచ్చ చీరలో ఒక పెద్దావిడ, కళ్ళు తేటగా, పళ్ళన్నీ ఉండి, చల్లగా నవ్వుతోంది. బడిలో టీచరమ్మలా ఉంది. చూడగా చూడగా ఇర్మె కూడా కొంచెం ఇలాగే ఉండేదేమో అనిపించసాగింది. ఆ అనిపించడానికే అతనికి భయం వేసింది. ఆమె ముఖం తనకు బాగా గుర్తుందనే అనుకున్నాడు. ఇప్పుడు కళ్ళు మూసుకుంటే ఈ టీచరమ్మే వస్తోంది.

అపర్ణకు చూపించాడు. ఆమె ఒక్క క్షణం చూసి ఫోన్ తిప్పి ఇచ్చేసింది. "ఇర్మవ్వ మన గుమ్మంల కూసుండి నవ్వితే బస్టాండు దాక వినబడేది. ఈమె ఎవలో పెద్దింటామె."

సంతకు ముయాతో పాటు పొజ్జే కూడా వచ్చింది. ఉమామహేశ్ ప్రింటు చేతికి ఇచ్చాడు. ఇవ్వకుండా ఉండాల్సిందని తర్వాత చాలాసార్లు అనుకున్నాడు. ముయా ప్రింటును వెలుతురుకు తిప్పి చూశాడు. మర్యాదకు తల ఊపాడు.

"మంచిగనే ఉన్నది. ఈమె ఎవలన్నా?"

పొజ్జే తండ్రి చేతిలోంచి తీసుకుంది. "అవ్వకు ఈడ గీతలుండె పెదనాయినా," అంది ఉమామహేశ్‌తో, తన నుదుటి మీద వేలితో మూడుసార్లు గీసి చూపిస్తూ. నిజమే. మరకలో ఆ గీతలు అసలు పడనే లేదు. లేనివి కంప్యూటరు ఎక్కడి నుంచి తెస్తుంది? తానే గీతలు దిద్దుతానని ఉమామహేశ్ మౌస్ పట్టుకున్నాడు. దిద్దాడు. టీచరమ్మ నుదుటి మీద ఎవరో పెన్నుతో గీకినట్టు అయింది. ముగ్గురూ చూస్తుండగానే తుడిచేశాడు.

"ఆ చెయ్యి ఫోటో నాకు ఇయ్యి పెదనాయినా. ఇంట్ల పెట్టుకుంట," అంది పొజ్జే.

అది ప్రింటు తీసి ఇస్తుంటే ఫోన్ మోగింది. కొంట నుంచి ఎవరో కొత్తగా స్టూడియో పెట్టిన మనిషి. ఉమామహేశ్ బ్యాటరీ సంగతి చెప్పాడు, కార్డు సంగతి చెప్పాడు, తేలికని చెప్పాడు. అవతలి మనిషి అసలు సంగతి అడిగాడు. "బ్యాక్‌గ్రౌండు ఎట్ల వస్తది అన్నా?"

"రాదు," అన్నాడు ఉమామహేశ్. "బ్యాక్‌గ్రౌండు రాదు తమ్మీ."

అవతలి మనిషికి అది పొగడ్తలాగే వినబడింది. థ్యాంక్స్ చెప్పి పెట్టేశాడు.

మంచి కెమెరానే. ఆ మాట అతను ఎప్పుడూ కాదనలేదు. లెన్సు మీద తిప్పే చక్రం ఒకటి ఉంటుంది, దాన్ని తిప్పి లెన్సు నోరు కాస్త మూస్తే వెనకున్న మనిషీ వచ్చేది. గుంజా వచ్చేది, పందిరీ వచ్చేది, దండెం మీద లుంగీ ఉంటే అదీ వచ్చేది. ఆ పొద్దంతా దాని మీద అతని వేలు ఒక్కసారి కూడా కదల్లేదు.

రాయి నిలబెట్టే రోజుకు ముయా పిలిచాడు. ఉమామహేశ్ వెళ్ళాడు. వాగులో నీళ్ళు మోకాలి దిగువకు వచ్చాయి. ఊరి చివర, దారి పక్కన, అప్పటికే ఉన్న నాలుగైదు దిమ్మెల వరసలో కొత్త సిమెంటు దిమ్మె. దాని మీద నడుమున గంప పెట్టుకున్న ఆడమనిషి బొమ్మ. పక్క దిమ్మె మీద ఉన్న ఆడమనిషి కూడా గంపతోనే ఉంది, అదే ముక్కు, అవే కళ్ళు. ఈమెకు చీర మాత్రం పసుపుపచ్చ. ముయా అడిగి వేయించినట్టున్నాడు, నుదుటి మీద మూడు గీతలు. ఊరివాళ్ళు చూసి బాగుందన్నారు. పొజ్జే దిమ్మె దగ్గర కూర్చుని సిమెంటు మీద పడిన రంగు చుక్కలను గోటితో గీకి తీసింది.

ఉమామహేశ్ కెమెరా తెచ్చాడు. లెన్సు నోరు బాగా చిన్నది చేసి తీశాడు. దిమ్మె, దాని వెనక కోసిన పొలం, ఇప్పచెట్లు, వంట పొగ, కల్లు కుండలు, ప్లాస్టిక్ కుర్చీలు, మేకలు, అన్నీ ఒకే తీరుగా పడ్డాయి. అడ్డం వచ్చినవాళ్ళను ఎవరినీ జరగమనలేదు. ముసలివాళ్ళు కూర్చున్న వైపు వెళ్ళి ఒక్కొక్కరినీ తీస్తానన్నాడు. ఇద్దరు ముగ్గురు సిగ్గుపడుతూ కొంగు సర్దుకుని కూర్చున్నారు. జోగే అనే ముసలామె మాత్రం ముఖం పక్కకు తిప్పుకుంది.

"నాది తీసుడు ఎందుకు? నేను చస్తననా?" అంది.

అతను కెమెరా దించి పక్కకు వచ్చేశాడు.

పొద్దు వాలుతుండగా ముయా వాగు దాకా సాగనంపడానికి వచ్చాడు. బండిని ఇద్దరూ తోసుకుంటూ ఇసుక దాటించారు. అవతలి గట్టున ముయా ఆగి, చేతులు దులుపుకుని, ఉమామహేశ్ ముఖం చూశాడు. అతని బాధను చాలా రోజులుగా గమనిస్తున్నట్టున్నాడు.

"నువ్వు మనసుల పెట్టుకోకన్నా. దాంట్ల నీ తప్పేమున్నది? అవ్వ ఒక్కతాన నిలబడే మనిషా? ఎప్పుడూ ఉరుకుడే. నువ్వన్న ఎట్ల తీస్తవ్?"

ఉమామహేశ్ తల ఊపాడు. పందిరి గుంజ పక్కన, పొజ్జే వెనక రెండడుగుల దూరంలో, తాను చూపించిన చోటే ఇర్మె కదలకుండా నిలబడిన ఫోటోలు తన కంప్యూటర్లో ఎన్ని ఉన్నాయో ముయాకు చెప్పలేదు. ఒకదాని తర్వాత ఒకటి, ఒకదాని తర్వాత ఒకటి, ముఖం ఇటువైపే తిప్పి. తనను కూడా తీస్తున్నాడనే అనుకుని ఉంటుంది.

"పొద్దుపోతుంది. నువ్వు పో ఇంక," అని బండి ఎక్కాడు.